గుర్రపుడెక్క ఈదిన యాభై మీటర్లు

మొన్న రాజమండ్రిలో మా అమ్మాయిని ఈత క్లాసులో దింపి మెట్ల మీద కూర్చున్నాను. పక్కనే ఒకాయన, ఒంటి నుంచి నీళ్ళు కారుతున్న కొడుకుని తువ్వాలైనా కప్పుకోనివ్వకుండా, ఫోనులో సెకన్లు చూపించి "నిన్నటికన్నా ఎక్కువ పట్టిందేంట్రా? తిన్నదంతా ఏమైపోతోంది?" అని కడిగేస్తున్నాడు. ఆ పిల్లాడు కాలివేళ్ళకేసి చూస్తూ నిలబడ్డాడు. నాకు మా మావయ్య గుర్తొచ్చాడు. ఆయన కూడా నా సెకన్లు లెక్కపెట్టినవాడే. అదీ నిండా తప్పుగా.

మావయ్య అమ్మకి తమ్ముడు. మా ఊరి లాకుల దగ్గర లస్కరు. కాలువ తలుపులు ఎత్తడం, దించడం, పొద్దునా సాయంత్రం నీటిమట్టం చూసి రిజిస్టర్లో రాయడం ఆయన ఉద్యోగం. నీళ్ళలో చెయ్యి పెట్టి, పైన ఎక్కడ తలుపులు ఎత్తారో చెప్పేస్తాడని రైతులు గొప్పగా చెప్పుకునేవారు. అవి తొంభైల నాటి మాటలు, నాకు పదమూడేళ్ళు. నేను కాలువలో ఈదడం చూసి ఆయనకి నేనొక చాంపియన్నని నమ్మకం కుదిరిపోయింది. "ఎదిగిన పిల్ల కాలువలో పడి ఈదడమేంటి, చూసినవాళ్ళేమనుకుంటారు?" అని అమ్మమ్మ రోజూ సణిగేది. మావయ్యేమో మా అన్నయ్య నిక్కరూ, పొడుగు చేతుల చొక్కా తెచ్చి నా చేతిలో పెట్టేవాడు. తాడుతో యాభై మీటర్లు కొలిచి గట్టు మీద రెండు కర్రలు పాతాడు. లాకుల వైపు కర్ర దగ్గర నేను దూకడం, రెండో కర్ర దాకా ఈదడం, గట్టెక్కి నడిచి రావడం, మళ్ళీ దూకడం. ఆయన చేతిగడియారం చూసుకుంటూ గట్టు మీద నా పక్కనే పరుగు. లుంగీ పైకి ఎగ్గట్టి పరిగెత్తే ఆయన్ని చూడ్డానికే సగంమంది వచ్చేవారేమోనని నా అనుమానం.

ముప్పై మూడు సెకన్లు వచ్చిన రోజు డ్రిల్లు మాస్టారింటికి సైకిలు మీద వెళ్ళిపోయాడు. "మీరే వచ్చి చూడండి మాస్టారూ, జిల్లాలో దీన్ని కొట్టేవాళ్ళు లేరండి!" అన్నాడు. మాస్టారు వచ్చి చూశారు. ఆయన వాచీలోనూ అంతే వచ్చింది. ఇంకేముంది, నా పేరు రాజమండ్రిలో జరిగే జిల్లా పోటీలకి వెళ్ళిపోయింది. కాలువ పక్కన పుట్టి పెరిగిన ఇద్దరు పెద్దమనుషులు, రెండు గడియారాలు పట్టుకుని, పారే నీళ్ళకేసి చూస్తూ కూడా అసలు సంగతి కనిపెట్టలేకపోయారు.

పోటీ రోజున మావయ్య ట్రెక్కరు మాట్లాడాడు. పులిహోర డబ్బాలతో సహా పదిహేనుమంది ఎక్కారు. అక్కడి ఈతకొలనులో నీళ్ళు నీలంగా, అడుగున గళ్ళు కనిపిస్తూ, ఏదో మందు వాసన వేస్తూ, కదలకుండా ఉన్నాయి. ఈల వేశారు, దూకాను. ఎంత ఈదినా గోడ దగ్గరకి రాదు. వెనక నుంచి ఎవరో చొక్కా పట్టుకుని లాగుతున్నట్టే ఉంది. నేను గోడ ముట్టేసరికి మిగతా పిల్లలంతా పైకెక్కి తువ్వాళ్ళు చుట్టుకుంటున్నారు. మా ఊరివాళ్ళు చప్పట్లు కొట్టాలో మానాలో తెలియక దిక్కులు చూస్తున్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. తిరుగు ప్రయాణంలో పులిహోరనైతే ఎవరూ వదల్లేదు. "దీనికా మేం పనులు మానుకుని వచ్చింది?" అని వెనక సీటులో ఒకాయన అనడం నాకు వినబడింది, మావయ్యకీ వినబడింది. ఇంటికెళ్ళగానే ఆ నిక్కరూ చొక్కా అమ్మకిచ్చేసి, ఈ జన్మలో ఇంక నీళ్ళలో దిగనని చెప్పేశాను. నిజంగానే చెప్పాను.

మర్నాడు పొద్దున్నే మావయ్య, దారిలో డ్రిల్లు మాస్టారిని కూడా వెంటబెట్టుకుని, మా వాకిట్లోకి వచ్చాడు. నాన్నగారు, అమ్మమ్మ, పాలుపోసే ఆవిడ అందరూ అక్కడే ఉన్నారు.

"నీటిమట్టం చూస్తుంటే గుర్రపుడెక్క మొక్కల ముద్దొకటి నీళ్ళ మీద తేలుతూ కొట్టుకొచ్చింది బావగారూ. ఎందుకో వాచీ చూశాను. మొదటి కర్ర నుంచి రెండో కర్రకి నిమిషం నలభై సెకన్లలో వెళ్ళిపోయిందండి. దానికేమైనా కాళ్ళా, చేతులా? నేనీ పిల్లని ఎప్పుడూ కాలువ వాలుకే ఈదించానండి. దీని ఈతలో మూడోవంతు కాలువే ఈదేసింది."

తరవాత నా ముందుకొచ్చి కూర్చున్నాడు. "తప్పు నాది అమ్మలూ. నువ్వు బాగానే ఈదావు. నీళ్ళ దగ్గరే ఉద్యోగం చేస్తూ, నీళ్ళు నడుస్తాయన్న సంగతే మర్చిపోయాను."

మాస్టారు తల గోక్కున్నారు. నాన్నగారు నవ్వు ఆపుకోలేకపోయారు. నేను ఏడ్చాను, కానీ అది ముందురోజు ఏడుపు కాదు.

మావయ్య అంతటితో ఊరుకోలేదు. టీకొట్టులో, మంగలి షాపులో, లాకుల దగ్గరకొచ్చిన ప్రతి రైతుకీ గుర్రపుడెక్క సంగతి తనే చెప్పాడు. వారం తిరిగేసరికి నేను ఆఖరున వచ్చానన్నది ఊరంతా మర్చిపోయి, లస్కరై ఉండి కాలువ వాలు మర్చిపోయాడని ఆయన్ని పట్టుకుంది. "ఏంటి లస్కరు గారూ, ఇవాళ గుర్రపుడెక్కకి ఎన్ని సెకన్లొచ్చాయండి?" అని అడిగితే, ఆయన నవ్వుతూ ఏదో ఒక అంకె చెప్పేవాడు. ఈయనకి నోరు అదుపులో పెట్టుకోవడం చేతకాదని నాకు అప్పట్లో చిరాకేసేది. ఊరి నవ్వునంతా నా మీద నుంచి తన మీదికి తిప్పుకున్నాడని అర్థం కావడానికి నాకు పెళ్ళయి, పిల్ల పుట్టాల్సి వచ్చింది.

పది రోజులకి నేనే వెళ్ళి కాలువలో దిగాను, ఈసారి ఎదురీత. మావయ్యకి పరుగు తప్పింది. నీరు జోరుగా ఉన్న రోజున నేను ఎంత ఈదినా ఉన్నచోటే ఉండేదాన్ని, ఆయన కూడా గట్టు మీద అక్కడే నిలబడి ఉండేవాడు. మరుసటేడు పోటీకి బస్సులో మేమిద్దరమే వెళ్ళాం. నాలుగోదాన్నిగా వచ్చాను. నాలుగోవాళ్ళకి ఏమీ ఇవ్వరు. "ఈసారి మొత్తం నువ్వే ఈదావు" అన్నాడు.

లెక్కేసుకుంటే, మా వాకిట్లో అంతమంది ముందు పదమూడేళ్ళ పిల్లతో "తప్పు నాది" అన్ననాటికి ఆయనకి ముప్పై రెండేళ్ళు. నాకా వయసు దాటి పదేళ్ళు గడిచిపోయాయి. మా అమ్మాయితో ఆ మాట అనాల్సిన రోజులు నాకూ చాలానే వచ్చాయి. ఒక్కసారైనా నోరు పెగల్లేదు.