సమాయిల్‌లో ఖలాస్ అన్న రోజు

ఒమాన్‌లోని సమాయిల్‌లో నా మొదటి అమ్మకం గురించి ఎవరడిగినా, నా మాటల ధాటికి దుకాణదారు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడని చెబుతుంటాను. లేచిన మాట నిజమే. ఫ్యాన్ వేయడానికి లేచాడు. నా చొక్కా చెమటకు ఒంటికి అతుక్కుపోయి ఉంది, చూసి జాలిపడి ఉంటాడు.

అంతకు ముందు ఏళ్ల తరబడి అల్ అమెరాత్ సైట్లలో మేస్త్రీ పని చేశాను. మోకాళ్లు అరిగాక పరంజా ఎక్కడం నావల్ల కాలేదు. అల్ మవాలేలో అట్టపెట్టెలు అమ్మే ఒక కంపెనీ నన్ను సేల్స్‌మన్‌గా తీసుకుంది. నెలాఖరులోగా ఒక్క ఆర్డరైనా తేవాలి, లేకపోతే వీసా రద్దు చేసి ఇంటికి పంపుతామన్నారు. నేను సమాయిల్ వెళ్లేసరికి దానికి ఒక్క రోజే మిగిలింది. అప్పటికే మస్కట్ అంతా జల్లెడ పట్టానని చెప్పుకుంటాను గానీ, సగం దుకాణాల్లో గుమ్మం దాటి లోపలికి పోలేదు.

ఈ ఖర్జూరాల దుకాణం ఒక ఒమానీ పెద్దాయనది. నమూనా పెట్టెను తిప్పి చూశాడు, మూత మడిచి చూశాడు, ధర అడిగాడు. చెప్పాను. పెట్టె బల్ల మీద పెట్టి, "ఖలాస్" అన్నాడు.

సైట్‌లో సాయంత్రం పని అయిపోయిందని ఫోర్‌మన్ అరిచే మాట అదే. అది వినపడితే తాపీ కడిగి బండెక్కేవాళ్లం. నా చేతులకు ఆ అలవాటు పోలేదు. పెట్టె సంచిలో వేసుకుని, సలాం చెప్పి, వచ్చి కంపెనీ వ్యాన్‌లో కూర్చున్నాను.

డ్రైవర్ మా నిజామాబాద్ దిక్కువాడే.

"ఏమన్నడే కాకా?"

"ఏమంటడు. ఖలాస్ అన్నడు. పోనియ్ బండి."

"ఎన్ని పెట్టెలు రాసినవ్ మరి?"

"ఖలాస్ అన్నంక ఇంకేం రాస్త రా. పొమ్మన్నట్టే గదా."

వాడు స్టీరింగ్ మీద తల పెట్టుకుని నవ్వాడు. "ధర చెప్పినంక ఖలాస్ అన్నడంటే బేరం కుదిరినట్టు కాకా. గిన్నేండ్లు ఈడ ఏం జేసినవ్?"

"గోడలు కట్టిన."

మళ్లీ దిగి, మోకాలు పట్టుకుని ఆ దుకాణం మెట్లు ఎక్కాను.

"కిధర్ గయా, రఫీక్?" ఎక్కడికి పోయావని హిందీలో అడిగాడు పెద్దాయన. ఆర్డర్ రాయించి, తినమని ఖర్జూరాల పళ్లెం నా ముందుకు తోశాడు. "ఖావో. యే భీ ఖలాస్." ఆ రకం ఖర్జూరం పేరు కూడా అదేనట.

వ్యాన్‌లోకి రాగానే డ్రైవర్ అడిగాడు. "ఏమన్నడు?"

"ఖలాస్ అన్నడు."

"ఏ ఖలాస్ కాకా?"

ఆర్డర్ కాగితం వాడి ఒళ్లో పడేసి, కళ్లు మూసుకున్నాను. ఇంటికి టికెట్ తప్పింది. వచ్చే నెల మళ్లీ దుకాణాల మెట్లెక్కడం మాత్రం తప్పదు.