నాకు వచ్చింది రెండే పాటలు

ఆ రోజుల్లో మా వైపు, నాకు పాటలు వచ్చు అని నలుగురిలో చెప్పుకోవడం అంత తెలివైన పని కాదు. ఏ పాట వచ్చునో తెలిస్తే మనిషి ఎటువైపో తెలిసిపోయేది. నాకు పదిహేడేళ్లు వచ్చేసరికి మొదటి నుంచి చివరి దాకా వచ్చిన పాటలు రెండంటే రెండే. ఒకటి బడిలో నేర్పింది. ప్రతి పొద్దున గంట కొట్టగానే వరసల్లో నిలబడి, ప్రభువుగారు చల్లగా ఉండాలని ఉర్దూలో పాడేవాళ్లం. అందులో నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. గొంతు పెద్దది కాబట్టి మౌల్వీసాబు నన్ను ముందు వరసలో నిలబెట్టేవాడు. రెండోది సంఘం వాళ్లు నేర్పింది. మా ఆడవాళ్లు నాట్లు వేస్తూ పాడుకునే ఉయ్యాలో వరస తీసుకుని దానికి కొత్త మాటలు కట్టారు. ఆ మాటలు ఇక్కడ రాయను. మొదటి చరణంలో ఒక దొర, ఆయన గడీ ఉంటాయి. రెండో చరణానికి వచ్చేసరికి రెండూ ఉండవు. (అర్థం కాని పాటను పొద్దున, బాగా అర్థమైన పాటను సాయంత్రం, ఒకే గొంతుతో పాడినవాణ్ణి. తర్వాత నలభై ఏళ్లు పత్రికలో పని చేసినా అంతటి నిష్పాక్షికత మళ్లీ నాకు అబ్బలేదు.)

పోలీసు చర్య తర్వాత మొదటి పాట ఒక్కరోజులో మాయమైంది. దాన్ని పాడితే రజాకారువా అని అడిగేవారు. రెండో పాట మాత్రం నేరమై కూర్చుంది. మేళ్లచెరువుకు దగ్గర్లో, సున్నపురాయి నేలలో ఉండే మా ఊరి పక్కన మిలిటరీ క్యాంపు పడింది. ఎండలు ముదిరిన వేళ ఒకనాడు క్యాంపు నుంచి వచ్చినవాళ్లు, "మీటింగుల్లో బండెక్కి పాడిన పిల్లగాడు ఎవడు?" అని అడుగుతున్నారని పట్వారీ వచ్చి మా బాపు చెవిలో వేశాడు. "మావోనికి గొంతు పోయి ఆర్నెల్లాయె" అన్నాడట బాపు. అదే సమయంలో నేను పెరట్లో బర్రెను అదిలిస్తున్న కేక ఊరి చివరి దాకా వినబడిందని పట్వారీ తర్వాత చాలాసార్లు చెప్పాడు. ఆ కేక వల్ల నా ప్రయాణం రెండు రోజుల్లో ఖాయమైంది.

బందరులో మా అక్క అత్తవారిల్లు. ఆమె పెళ్లయి వెళ్లి నాలుగేళ్లు. ఎండలు తాళలేక సముద్రపు గాలికి పోతున్నామని బాపు ఊళ్లో చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. పనికో, పెళ్లికో, చావుకో కాక గాలి కోసం ఊరు దాటిన మనిషి అప్పటిదాకా మా ఊళ్లో లేడు. గొడ్ల కోసం అమ్మ ఆగిపోయింది. బాపు, నేను, బాపు తల్లి అయిన మా అవ్వ బయల్దేరాం. జగ్గయ్యపేట దాకా ఎడ్లబండి, బెజవాడ దాకా బస్సు, ఆ తర్వాత రైలు. ఏరు దాటక ముందే బాపు బండి ఆపి షరతు చెప్పాడు. "అక్కడ మన మాట ఇంటెనే నల్గొండోళ్లని పట్టేస్తరు. నల్గొండోళ్లంటె సంఘపోళ్లే అనుకుంటరు. నోరు దెరిస్తె బువ్వకే తెరువాలె. పాట గీట అన్నవో, చంపుత."

"మరి నేను?" అంది అవ్వ.

"నువ్వు గూడ."

"నోరు మూసుకొని సముద్రం జూసుడు నాతోని గాదు. బండి ఎనుకకు మలుపుమను."

బండి వెనక్కి మళ్లలేదు, అవ్వ నోరు మూతపడనూ లేదు.

అక్క మామగారు బడిపంతులుగా చేసి రిటైరైన మనిషి. మనుషులకంటే హార్మోనియంతో ఎక్కువ మాట్లాడేవారు. ఎండాకాలంలో ఆదివారం వస్తే ఇంటిల్లిపాదినీ ఒంటెద్దు బండిలో తీరానికి తీసుకువెళ్లడం ఆయన అలవాటు. చాప, హార్మోనియం, పులిహోర గిన్నె, మజ్జిగ కుండ అన్నీ ఎక్కాక మిగిలిన జాగాలో మనుషులు ఎక్కాలి. మేం వెళ్లాక వచ్చిన మొదటి ఆదివారమే మమ్మల్నీ ఎక్కించారు. సరుగుడు తోట దాటగానే, బండి దిగకుండానే సముద్రం కనిపించింది. నేను అంతకు ముందు చూసిన పెద్ద నీళ్లు కృష్ణ ఒక్కటే. దానికి అవతలి ఒడ్డు ఉంటుంది. ఇక్కడ అవతలి ఒడ్డు కోసం కాసేపు వెతికి, లేదని తేలాక బండి పట్టె గట్టిగా పట్టుకున్నాను. దక్షిణాన తొలి మబ్బు ఒకటి తేలుతోంది. తడి ఇసుక మీద ఎర్ర పీతలు అడ్డంగా పరుగెత్తి బొరియల్లో దూరుతున్నాయి. బాపు ధోతి ఎగగట్టి నీళ్లలోకి దిగి, అల తగిలి పడబోయి, పెద్దగా నవ్వాడు. ఆ ఏడాదంతటిలో బాపు నవ్వు వినడం అదే మొదలు. అవ్వ మాత్రం దోసిట్లో నీళ్లు పట్టి, నాలుకకు రాసుకుని, ఉమ్మేసి, "ఇన్ని నీళ్లు పెట్టుకొని ఒక్క మడి గూడ పారదా? ఎవనికి అక్కర గిది?" అని సముద్రం సంగతి అక్కడే తేల్చేసింది.

చాప పరిచి కూర్చున్నాం. అంతలో సైకిలు మీద ఒకాయన వచ్చాడు. తెల్ల పంచె, కోర మీసం, సైకిలుకు కట్టిన పొడవాటి నల్ల పెట్టె. మామగారు సంబరంగా లేచారు. "మా పాత శిష్యుడండీ. ఇప్పుడు పోలీసు సబ్ ఇన్‌స్పెక్టరు. సెలవు మీద వచ్చాడు. మొన్నటిదాకా మీ సరిహద్దు క్యాంపులోనే ఉన్నాడు." బాపు చేతిలో మజ్జిగ గ్లాసు సగం ఒలికింది. ఆయన పెట్టె తాళం తీస్తున్నంతసేపూ మేమిద్దరం ఊపిరి బిగబట్టాం. అందులోంచి ఫిడేలు వచ్చింది. (ఆనాటి నుంచి మా ఇంట్లో ఆయన ఫిడేలు ఇన్‌స్పెక్టరు అయ్యాడు.)

"మీది ఏ ఊరండీ?" అన్నాడాయన బాపుతో, తీగలు బిగిస్తూ.

"జడ్చర్ల" అన్నాడు బాపు. మాకు నూరు మైళ్ల అవతల, వేరే జిల్లా. మా ఊరు బాగా తెలిసిన మామగారు తెల్లబోయి హార్మోనియం తిత్తిని ఒకసారి ఊరికే నొక్కారు.

"జడ్చర్లనా? మనం గాడికి ఎప్పుడు బోతిమి బిడ్డా?" అంది అవ్వ.

"ముసల్ది. మతి ఉండదు" అన్నాడు బాపు.

"నీకే లేదు మతి" అంది అవ్వ. ఆయన నవ్వి ఊరుకున్నాడు.

తర్వాత మామగారు పాడారు, ఆయన వాయించాడు. నేను భయం సంగతి మరిచిపోయాను. గాలి, అలల చప్పుడు, ఆ రెంటి మధ్యలోంచి ఫిడేలు సన్నగా సాగుతూ ఉంటే, ఎవర్నీ పొగడకుండా, ఎవర్నీ పడగొట్టకుండా కూడా పాటలుంటాయని నాకు అప్పుడే తెలిసింది. ఆ సుఖంలో ఉండగా మా అక్క, తమ్ముడి మీద ప్రేమ ఆపుకోలేక, సగం మా మాట సగం అత్తవారి మాటగా, "మా తమ్ముడు మంచిగ పాడతాడండీ మామయ్యగారూ! బడిలో ముందు వరసలో వీడే" అంది. పాపం, నేను ముందు వరస నుంచి బండి మీదికి ఎక్కిన సంగతి ఆమెకు తెలియదు.

"వానికి గొంతు పోయింది" అన్నాడు బాపు వెంటనే.

"పొద్దున అల మీద పడితే ఎంత గట్టిగా అరిచాడో విన్నారుగా బాపూ!" అంది అక్క. నా గొంతు నన్ను పట్టివ్వడం అది రెండోసారి.

ఫిడేలు ఇన్‌స్పెక్టరు నా వైపు తిరిగాడు. "పాడు బాబూ. మీ వైపు పాటలంటే నాకు చాలా ఇష్టం. క్యాంపులో ఉండగా దూరం నుంచి వినబడేవి. ఎంతో బాగుండేవి. పాడేవాడు మాత్రం ఒక్కసారీ దొరకలేదు."

లేచి నిలబడ్డాను. మొదటి పాట పాడుదామా అంటే, అక్కావాళ్ల వీధిలోనే నిరుడు రజాకార్లకు జడిసి వచ్చిన మా వైపు కుటుంబాలు మూడు తలదాచుకున్నాయి. ఆ పాట సంగతి వాళ్ల చెవిన పడిందంటే ఆ ఇంటికి మర్యాద మిగలదు. రెండోది పాడితే ఎదురుగా మీసం. ఇంకో వరస రాదు, ఇంకో మాట రాదు. నోరు తెరిచాను. ఉయ్యాలో వరసే బయటికి వచ్చింది. దాని వెనకే దొర వస్తున్నాడు. ఆయన పెదవి దాటేలోపు కంటికి ఏది కనబడితే దాన్ని అడ్డం పెట్టాను.

సంద్రమొడ్డుకొస్తిమి ఉయ్యాలో
సల్లగాలి పీలిస్తిమి ఉయ్యాలో
అక్క ఇంటికొస్తిమి ఉయ్యాలో
ఆవకాయ తింటిమి ఉయ్యాలో

మామగారు శ్రుతి పట్టారు. ధైర్యం వచ్చింది గాని మాటలు అయిపోయాయి. అవ్వ దగ్గర అరువు తెచ్చుకున్నాను.

ఇన్ని నీళ్లు ఉండంగ ఉయ్యాలో
ఒక్క మడి పారదాయె ఉయ్యాలో

"గది నా మాట!" అంది అవ్వ. (ఒకరన్న మాటను నా పేరు మీద అచ్చేసుకోవడం అక్కడే మొదలైంది.) కాళ్ల దగ్గర ఏదో కదిలింది. దాన్నీ వదల్లేదు.

ఇసుకల్ల పీతలు ఉయ్యాలో
ఎర్రెర్రగ ఉన్నయి ఉయ్యాలో

ఎర్ర అన్న మాట వినగానే బాపుకు మజ్జిగ పొలమారి దగ్గు తెర వచ్చింది. వెంటనే దిద్దుకున్నాను.

అంత ఎర్రగేం లేవు ఉయ్యాలో
జర తెల్లగున్నయి ఉయ్యాలో

అప్పటికి ఫిడేలు నా వరసను అందుకుని నాతోపాటే వస్తోంది. హఠాత్తుగా ఆగింది. కమాను గాల్లోనే ఉంది. "ఈ వరస నేను విన్నాను" అన్నాడాయన నెమ్మదిగా.

బాపు ముఖం సున్నపురాయి రంగుకు వచ్చింది. ఆ వరస ఎక్కడ విన్నాడో మా ఇద్దరికీ తెలుసు. ఇంకొక్క ప్రశ్న అడిగితే నేను మజ్జిగ కుండ దగ్గర నుంచి నేరుగా క్యాంపుకు పోతాను. అదిగో, అప్పుడు అవ్వ నడుం పట్టుకుని లేచింది. బాపు ఆమె కొంగు పట్టి లాగాడు. విదిలించుకుంది.

"ఇంటివా? యాడ ఇంటవు బిడ్డా, నువ్వు పుట్టకముందుది గిది. మా అత్త నాకు నేర్పింది. గీ పోరడు పీతలు గీతలు వెట్టి ఖరాబు జేసిండు. జరుగురా."

అవ్వ నోట సంఘం మాటలే వస్తాయని నేను కళ్లు మూసుకున్నాను. ఊళ్లో అందరూ పాడుకున్నవి అవే కదా. అవ్వ గొంతు ముసలిదే గాని వణకలేదు.

ఏరు నిండ పారె ఉయ్యాలో
ఎట్లొస్తవే చెల్లె ఉయ్యాలో
ఏరు తీసినంక ఉయ్యాలో
ఎదురొస్త ఓ అన్న ఉయ్యాలో

కళ్లు తెరిచాను. దొరా లేడు, గడీ లేదు. ఏటికి అవతల చిక్కుకుపోయిన ఒక ఆడపిల్ల, ఇవతల ఆమె కోసం నిలబడ్డ అన్న. ఆ వరసకు ముందు నుంచీ ఉన్న మాటలు అవి. నేను పుట్టిన ఊళ్లో, నేను పడుకున్న ఇంట్లో ఉన్న పాట నాకు రానే రాదని, వచ్చిందల్లా దాని మీద కప్పిన దుప్పటేనని అప్పుడు తెలిసింది. ఫిడేలు మళ్లీ కదిలి, అవ్వ వెనకాలే, అడుగు తడబడకుండా నడిచింది. నాలుగేళ్లుగా పుట్టింటి వరస వినని అక్క, పులిహోర గిన్నె మీద మూత పెట్టే నెపంతో ముఖం తిప్పుకుంది. పొద్దు సరుగుడు తోట వెనక్కి జారింది.

బండి కడుతుండగా ఫిడేలు ఇన్‌స్పెక్టరు సైకిలు నడిపించుకుంటూ నా దగ్గర ఆగాడు. "బాబూ, పీతల దగ్గర నీకు తాళం తప్పింది. నేను విన్న మాటలకైతే అక్కడ తప్పేది కాదు" అన్నాడు. నేను నోరు తెరవలేదు. బువ్వ కోసం కూడా తెరిచేవాణ్ణి కాదు. ఆయన పెట్టె తాడు సరిచూసుకుని, "వానలు పడేదాకా ఇక్కడే ఉండు. గాలి మంచిది" అని, సైకిలెక్కి వెళ్లిపోయాడు.

బాపు పరుగున వచ్చాడు. "ఏమన్నడు?"

"తాళం తప్పిందన్నడు."

బాపు ఇసుకలో కూలబడి, నవ్వో ఏడుపో తెలియకుండా, "తప్పనీ బిడ్డా, తప్పనీ" అన్నాడు.

వానలు పడేదాకా ఉన్నాం. మేం తిరిగి వెళ్లేసరికి క్యాంపు వేరే ఊరికి మారింది. పాడిన పిల్లగాడి గురించి మళ్లీ ఎవరూ అడగలేదు. తర్వాత నేను పత్రికలో చేరి, సమయానికి చేతికందిన మాటలతో జాగా నింపడమే వృత్తిగా బతికాను. ఆ పనికి అర్హత ఎక్కడ సంపాదించానో దరఖాస్తులో మాత్రం రాయలేదు.

మొన్న ఎండాకాలం మనవరాలు అదే తీరానికి తీసుకువెళ్లింది. ఇసుకలో కూర్చోబెట్టి, "తాతా, ఒక పాట" అంది. నోరు తెరవబోతూ అటూ ఇటూ చూశాను. "ఎవరి కోసం చూస్తున్నావు?" అంది. "ఫిడేలు కోసం" అన్నాను. దానికి అర్థం కాలేదు. బడి పాట ఎప్పుడో పోయింది. సంఘం పాట మొదటి చరణం దాటదు. అవ్వ పాట నేర్చుకుందామనుకుంటూనే అవ్వ పోయింది. మిగిలింది పీతలే. పాడాను. ఎర్రెర్రగ ఉన్నయి అన్న చోటికి వచ్చాక, అలవాటు కొద్దీ ఆగి, బాపు దగ్గు కోసం చెవి ఒగ్గాను. ఎవరూ దగ్గలేదు. తాళం అక్కడే తప్పింది.