కదలని అంకె

నా అనుమానపు బుద్ధి అమ్మ నుంచి వచ్చింది. భవానీపురంలో చేపలమ్మే రోజుల్లో, సొంత తమ్ముడు తెచ్చిన బుట్టలోంచి కూడా ఒక్కో చేప మొప్ప ఎత్తి, ఎరుపు చూశాకే బల్ల మీద పెట్టేది. మావయ్య ఉడుక్కునేవాడు. ఆవిడకేం పట్టేది కాదు.

నేను చేపలమ్మలేదు గానీ చేపల చెరువులకి సాఫ్ట్‌వేర్ రాస్తాను. నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే, నీటిని చిలికి గాలి కలిపే ఏరేటర్లు వాటంతటవే తిరగాలి. చెరువులోని సెన్సర్ నుంచి ఆ ఆక్సిజన్ అంకె చదివి ఇచ్చేది బయట కొన్న లైబ్రరీ, అంటే వేరేవాళ్లు రాసిపెట్టిన కోడ్. దాని మీద నాకు మొదట్నుంచీ గురి లేదు. తవ్వితే దొరికిపోయింది. సెన్సర్ వైరు తెగితే ఆ సంగతి చెప్పకుండా పాత అంకెనే మళ్లీ మళ్లీ మన చేతిలో పెడుతోంది. ఎంత దొంగ!

దాని లోపల చెయ్యి పెట్టే వీల్లేదు. అందుకని ఆస్పెక్ట్ అనే ప్రోగ్రామింగ్ పద్ధతిలో తనిఖీని విడిగా ఒక్కచోట రాశాను. లైబ్రరీలో ఫలానా పేరుతో మొదలయ్యే ప్రతి ఫంక్షన్ దగ్గరా, అంటే ఆ పేరున్న ప్రతి కోడ్ ముక్క దగ్గరా, అది కాపలా ఉంటుంది. అంకె కదలకపోతే హెచ్చరిక పంపుతుంది. వైరు పీకి చూశాను, హెచ్చరిక వచ్చింది. ఆ గర్వంతో కంకిపాడు చేపల రైతు ఒకాయనకి ఫోన్ చేసి, "ఇక మేత సంచులు ఎత్తి చూడక్కర్లేదండీ, అంతా మేం చూసుకుంటాం," అన్నాను. చెరువులో కర్రలకి చిల్లుల సంచులు కట్టి మేత వేస్తారు. సంచి ఖాళీ అయిందంటే చేప కులాసాగా ఉన్నట్టు.

తర్వాత లైబ్రరీ కొత్త వెర్షన్ వేశాం. పదిరోజులు ఒక్క హెచ్చరికా రాలేదు. అందర్నీ అనుమానించే నేను ఆ నిశ్శబ్దాన్ని మాత్రం అనుమానించలేదు.

మబ్బు పట్టిన ఒక మధ్యాహ్నం ఆ రైతే ఫోన్ చేశారు. "పొద్దున కట్టిన సంచులు కట్టినట్టే బరువుగా ఉన్నాయండీ. మీ యాప్‌లో మాత్రం ఆక్సిజన్ నిన్నటి నుంచీ కదలకుండా ఐదు దగ్గరే ఉంది. నాకేదో తేడాగా ఉంది."

ఏడాదిగా పెంచుతున్న చేప. పట్టుబడికి నెలే ఉంది.

"ముందు ఏరేటర్లు మీరే ఆన్ చేసేయండి!" అని అరిచాను.

చూస్తే, కొత్త వెర్షన్‌లో ఆ ఫంక్షన్ల పేర్లు మార్చేశారు. కాపలా కాయడానికి నా తనిఖీకి ఒక్కటీ దొరకలేదు. దొరకలేదని అది చెప్పనూ లేదు. ఏ మోసానికి లైబ్రరీని తిట్టానో నాదీ అదే చేసింది. సిగ్గుతో చచ్చిపోయాను.

సాయంత్రం చెరువుగట్టుకి వెళ్లాను. కొన్ని చేపలు చచ్చి తేలాయి, మిగతావి కోలుకున్నాయి. క్షమించమని అడగబోతే ఆయనే మొహమాటపడ్డారు.

"ఏమనుకోకండి. మీరు వద్దన్నా నేను సంచులు ఎత్తుతూనే ఉన్నానండీ. మిమ్మల్ని నమ్మక కాదు..."

నమ్మకే ఎత్తారు. నా మాట నమ్మి ఉంటే ఆ చెరువులో చేపంతా తేలేది.