పిట్టల వేళలు

తొంభయ్యో దశకంలో పాలకొల్లుకు దగ్గర్లో ఒక హైస్కూల్లో సైన్సు చెప్పేవాణ్ణి. మాఘం సగమయ్యాక, చలి తగ్గుతూ మామిడి పూత కనబడే రోజుల్లో, ప్రతి ఆదివారం తెల్లవారగానే సైకిలు మీద కాలువ గట్టుకు పోయి పిట్టల్ని చూసేవాణ్ణి. ఎండలు ముదిరితే శీతాకాలం వచ్చిన పిట్టలన్నీ వెళ్ళిపోతాయి కాబట్టి ఆ నెలా నెలన్నరా నాకు ఎక్కడలేని తొందర. కనిపించిన ప్రతి పిట్ట పేరూ, అది దిగిన వేళా, దిగిన చోటూ ఒక నోటు పుస్తకంలో రాసుకునేవాణ్ణి. పదేళ్ళు రాశాను. అది చూపించమని ఇంట్లో గానీ స్టాఫ్ రూములో గానీ ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. మాష్టారికి పనిలేదనుకునేవారు.

ఈలోగా వరిచేలు ఒక్కొక్కటే చేపల చెరువులయ్యాయి. గట్టు పక్కన చెరువు తవ్వించిన రైతు ఒకాయన నన్ను చూడగానే పాక దగ్గర కూర్చోబెట్టి టీ ఇప్పించేవారు. మంచి మనిషి. ఇప్పటికీ ఆయన్ని చెడ్డవాడనడానికి నాకు నోరు రాదు. నీటికాకులూ నారాయణ పక్షులూ చేపపిల్లల్ని ఊడ్చేస్తున్నాయనీ, టపాకాయలు కాల్చినా డబ్బా వాయించినా బెదరడం లేదనీ ఆ ఏడు చాలా బాధపడ్డారు. ఇంతలో నా చేతిలో పుస్తకం ఆయన కంటబడింది.

"ఏ వేళకి ఏది దిగుతుందో మా కాపలావాడికి కూడా తెలీదండి. ఒక్క వారం ఇచ్చి వెళ్ళండి మాష్టారూ," అన్నారు.

ఎందుకని అడగాలి కదా. అడగలేదు. ఆ వేళకి మనిషిని నిలబెట్టి తోలిస్తారులే అని నాకు నేనే చెప్పుకున్నాను. అసలు సంగతి ఏమిటంటే, పదేళ్ళకు ఒక మనిషి అడిగాడని ఉబ్బిపోయాను. నా రాత అర్థం కాదేమోనని పక్కన కూర్చుని మరీ వివరించి వచ్చాను.

మరుసటి ఆదివారం వెళ్ళేసరికి గట్టు పొడుగునా పిట్టలు చచ్చి పడి ఉన్నాయి. చేనుకు చల్లే విషపు గుళికలు చిన్న చేపల్లో కూరి, సరిగ్గా నేను రాసిన చోట్ల, నేను రాసిన వేళకు కాస్త ముందే పెట్టించారు. ఒక నారాయణ పక్షికి ఇంకా ప్రాణం ఉంది. నన్ను చూసి లేవబోయింది, కాళ్ళు నిలవలేదు. దాని పక్కన కూలబడ్డాను. చేయగలిగింది ఏమీ లేదు. కాసేపటికి మెడ వాల్చేసింది. నా మీద నాకు పుట్టిన అసహ్యం అంతా ఇంతా కాదు.

రైతుగారు పుస్తకం తిరిగి ఇచ్చారు. ఆ వారం పేజీ ఖాళీగా ఉండిపోతే నేను నొచ్చుకుంటానని, పడిపోయిన పిట్టల లెక్క తానే గుండ్రటి అక్షరాలతో రాసిపెట్టారు.

"మీ వేళలు ఒక్కటీ తప్పలేదండి," అన్నారు.

ఆ మాటలో వెటకారం లేదు. ఉంటే బాగుండేది, నాలుగు తిట్టి వచ్చేవాణ్ణి. అంత మర్యాదగా మెచ్చుకుంటుంటే తలూపాను.

బయల్దేరుతుంటే రెండు శీలావతి చేపలు సంచిలో వేసి సైకిలుకు తగిలించారు. ఇవన్నీ ఎందుకండీ అన్నాను. మా వైపు ఏదైనా పుచ్చుకునే ముందు అందరూ అనే మాటే అది. ఆయనా అలాగే విని నవ్వారు. నేను సైకిలెక్కాను.

మధ్యాహ్నం మా ఆవిడ పులుసు పెట్టింది. చేప తాజాగా ఉంది, ఎవరిచ్చారని అడిగింది. ఎవరిచ్చారో చెప్పాను, ఎందుకిచ్చారో చెప్పలేదు. ఇంకో ముక్క వెయ్యనా అంది. వెయ్యమన్నాను.