మ్యూచువల్ కుదిరిన వారం

నీ జీతమెంత అని ఎవరైనా అడిగితే నాకు ఒళ్ళు మండుతుంది. అడిగినందుకు కాదు, ఒక్క ముక్కలో చెప్పడానికి జవాబు లేనందుకు. మా ఆయనా నేనూ ఒకే రకం టీచర్లం. చిన్నపిల్లలకు అక్షరాలు, కూడికలు నేర్పేవాళ్ళం. చేసిన ట్రైనింగ్ ఒకటే, కొలువులో చేరిన సంవత్సరం కూడా ఒకటే. కానీ ఆయన బడి హైదరాబాద్ పక్కన ఉంది, నా బడి డోంగ్లి అవతల, మహారాష్ట్రకు కూతవేటు దూరంలో ఉంది. అందుకని ఆయనకు ఇంటి కిరాయి భత్యం పట్నం లెక్కన వస్తుంది, నాకు పల్లెటూరి లెక్కన. నేను ఉండేదీ కిరాయి కట్టేదీ బాన్సువాడలో. అయినా సర్కారు దృష్టిలో బడి ఎక్కడుంటే పంతులమ్మ కాపురం అక్కడే!

ఈ ఏడుపు నేను కిరాయికుండే ఇంటివాళ్ళ కోడలి ముందు ఏడవకూడదు. ఆమె ఎమ్మెస్సీ చేసింది, బీయెడ్ చేసింది. నాకంటే ఎక్కువ చదువు. ఊళ్ళోనే ఒక ప్రైవేటు బడిలో హైస్కూలు పిల్లలకు లెక్కలు చెప్తుంది. ఒకసారి నోరు జారి కిరాయి భత్యం సంగతి ఎత్తితే, "అక్కా, నీకు కిరాయికని ఇచ్చే పైసలు నాకు జీతమని ఇస్తే కొబ్బరికాయ కొడత" అంది. నవ్వుతూనే అంది గానీ నేను మళ్ళీ ఆమె ముందు ఆ మాట ఎత్తలేదు. మా హెడ్మాస్టరు జీతం నాకు దాదాపు రెట్టింపు. మరి నాకు రెట్టింపు పాఠం చెప్తాడా అంటే, కుర్చీలోంచి లేవడమే కష్టం. తప్పు పట్టడం కాదులెండి, ఆ సర్వీసుకొస్తే నేనూ అంతే.

అసలు ఇక్కడికెందుకొచ్చానంటే, మా వాళ్ళందరూ చేసే పొరపాటే నేనూ చేశాను. "ముందు జాబ్ కొట్టు, బదిలీ తర్వాత చూసుకోవచ్చు" అనే మాట మా కోచింగ్ సెంటర్లలో గోడలకు కూడా వచ్చు. ఆ ఏడు ఈ జిల్లాలో ఖాళీలు ఎక్కువున్నాయని మాది కాని జిల్లాకు దరఖాస్తు పెట్టాను. కొలువు వచ్చింది. ఊరంతా మిఠాయి పంచాం. పెళ్ళయింది, పాప పుట్టింది, జిల్లా దాటి బదిలీ మాత్రం రాలేదు. పాప బడీడుకు వచ్చాక మా అత్తగారు, ఆయన చూసుకుంటామని పట్నంలోనే ఉంచుకున్నారు. నేను వీలైన శనివారమల్లా ఇంటికి పోయి ఆదివారం తిరిగి రావడానికి హైదరాబాద్ బస్సు నేరుగా దొరుకుతుందని బాన్సువాడలో మేడ మీద ఒక గది తీసుకున్నాను.

పొద్దున బిచ్కుంద దాకా బస్సు, అక్కడినుంచి ఆటో. నా తరగతిలో సగం మంది ఇంట్లో మరాఠీ మాట్లాడతారు. వాళ్ళకు తెలుగు నేర్పుతూ నేనే కాస్త మరాఠీ నేర్చుకున్నాను. బడి ఉన్నంతసేపు ఏ ఫికరూ ఉండదు. సాయంత్రం తాళం తీసి గదిలో అడుగుపెట్టినప్పుడు ఉంటుంది చూడండి, అప్పుడు తెలుస్తుంది. ఒక్క మనిషికి వండుకోవడమంత దండగమారి పని ఇంకోటి లేదు. చారు పెడితే రెండు పూటలు వస్తుంది, మూడో పూట పారబోయాలి. కింద ఇంటివాళ్ళు కలిసి తింటూ ఎవరో ఏదో అంటే అందరూ నవ్వుతారు. ఆ నవ్వు మెట్లెక్కి నా దాకా వస్తుంది. ఎందుకు నవ్వారో తెలియదు. అడగడానికి పోలేను. కొన్నిసార్లు టీవీ పెద్దగా పెట్టుకుంటాను.

నేను చెప్పేది రెండో తరగతి. మా పాప చదివేదీ రెండో తరగతే. దానికి ఎక్కాలు రావడం లేదని అక్కడ ట్యూషన్ పెట్టించారు. ఆ సంగతి నాకు ఫోన్లో చెప్పినరోజు నేను అన్నం తినలేదు.

జిల్లా దాటడానికి మాకు మిగిలిన దారి మ్యూచువల్ ఒక్కటే. అంటే నేను పోదామనుకుంటున్న జిల్లా నుంచి నా జిల్లాకు రావాలనుకునే టీచరు ఒకరు దొరకాలి, ఇద్దరం కుర్చీలు మార్చుకోవాలి. అదేమన్నా చిన్న పనా? అచ్చం పెళ్ళి సంబంధమే. కేడర్ కలవాలి, మీడియం కలవాలి, అవతలివాళ్ళ మనసు మారకుండా ఉండాలి. కట్నం కూడా ఉంది. పట్నం వదిలి పల్లెకు వచ్చేవాళ్ళకు భత్యం తగ్గుతుంది కదా, ఆ తగ్గేదంతా రిటైరయ్యేదాకా లెక్కగట్టి ముందే ఇమ్మంటారు. ఒకాయనైతే ఫోన్లో "మేడమ్, ఫ్యామిలీతోని ఉండాల్నంటే రేటు ఉంటది" అన్నాడు. మీ మొహం మండ అని ఫోన్ పెట్టేశాను. వాట్సాప్ గ్రూపులో నా వివరాలు పెట్టినప్పుడల్లా మా ఇంటివాళ్ళ కోడలు ఆటపట్టించేది. "ఏందక్కా, సంబంధం కుదిరిందా? పిల్ల మంచిదేనా?"

ఈసారి దరఖాస్తులు తెరిచిన వారంలో కుదిరింది. బిచ్కుంద దగ్గరి ఊరి కోడలు ఒకామె, మా ఆయన బడికి దగ్గర్లోనే పనిచేస్తోందట. వాళ్ళకిక్కడ వరి, చెరుకు ఉన్నాయి, భర్త వ్యవసాయం చూసుకుంటాడు. ఆమె అక్కడ లేడీస్ హాస్టల్లో ఉంటోంది. ఫోన్లో మేడమ్ మేడమ్ అని మాట్లాడుకున్నాం. ఆదివారం నా గదికి వచ్చింది. నాకంటే పెద్దావిడ, సర్వీసు కూడా ఎక్కువే. ఎంత అడుగుతుందోనని నేను చాయ్ పెడుతూనే లోపల లెక్కలు వేసుకుంటున్నాను.

చాయ్ గ్లాసు కింద పెట్టి ఆమే అడిగింది. "ఇక్కడ ఒక్కదానివే ఉంటవా చెల్లె?"

"అవునక్కా."

"రాత్రికి కూర వండుతవా, తొక్కుతోని తింటవా?"

"తొక్కే," అన్నాను. ఇద్దరం పకపకా నవ్వాం. నవ్వి నవ్వి ఆమె కళ్ళు తుడుచుకుంది.

"నేనూ గంతే," అంది. "పట్నంల జీతం ఎక్కువని అందరంటరు. ఎక్కువే. హాస్టలోడు తింటడు, బస్సోడు తింటడు, నాకేం మిగుల్తది? నువ్వు పైసల ముచ్చట ఎత్తకు. నాకు నా ఇల్లు గావాలె, నీకు నీ ఇల్లు గావాలె. ఇద్దరం కొత్త జిల్లాల సీనియారిటీ లిస్టుల ఆఖరికి పోతం. నేను తయారున్న. నువ్వు బుధవారం లోపల దరఖాస్తు మీద సంతకం పెట్టు, గంతే."

ఆమెను బస్సెక్కించి వచ్చాను. బస్టాండు నుంచి గది దాకా నడిచానో, ఎగిరానో నాకే తెలియదు. దారిలో జిలేబి కొన్నాను. ఒక్కదాన్ని, పావుకిలో జిలేబి! సగం ఇంటివాళ్ళ కోడలికిచ్చి, గదిలోకి వెళ్ళి ఆయనకు ఫోన్ చేశాను. కుదిరింది, పైసా అడగలేదు, బుధవారం సంతకం అని ఒక్క గుక్కలో చెప్పేశాను.

"వింటున్నరా?"

"వింటున్న," అన్నాడు. "సీనియారిటీ పోతది గదా."

"పోతే పోనీ."

"పోనీ అంటే ఎట్ల? అక్కడ ప్రమోషన్ లిస్టుల నువ్వు ముంగట ఉన్నవ్. ఇంకొన్నేండ్లు ఆగితే హైస్కూల్ల స్కూల్ అసిస్టెంటు అయితవ్. ఇక్కడికొస్తే అందరికంటె ఆఖరు. రిటైరయ్యేదాక గదే పోస్టు. పాప చదువుకు, ఇంటి లోనుకు ఎంత తేడా వస్తదో చూసినవా?"

ఆయన అన్నీ చూశాడు. ఏ ప్రమోషన్‌కు మూలవేతనం ఎంత పెరుగుతుందో, దాని మీద ఏ భత్యం ఎంతో నోటికి చెప్పాడు. తప్పుడు లెక్క ఒక్కటి లేదు. ప్రమోషన్ వచ్చాక మ్యూచువల్‌కు మళ్ళీ స్కూల్ అసిస్టెంటునే వెతకాలి కదా, దొరక్కపోతే ఏం గతి అన్నాను. దొరుకుతారులే అన్నాడు. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఏది ముందొచ్చిందో చెప్పలేను.

"నేను ఇక్కడ ఒక్కదాన్ని చస్తున్న, మీకు తెలుస్తలేదా?"

"తెలుసు," అన్నాడు మెల్లగా. "ఇప్పటిదాక మోసినం గదా అని అంటున్న. మొదట్ల కష్టముండె. ఇప్పుడు పాపకు అలవాటైంది. ఇంట్ల కూడ అంత సెట్ అయింది. ఇంకెందుకు ఫికర్?"

ఆయన చెడ్డవాడు కాదు. నన్ను ఓదార్చాలనే ఆ మాట అన్నాడు. అది నాకు తెలుసు. నేను లేకుండా ఆ ఇల్లు సెట్ అయిందని మాత్రం ఆ సాయంత్రం దాకా నాకెవరూ చెప్పలేదు.

సోమ, మంగళవారాలు బడిలో పిల్లలకు ఏం చెప్పానో గుర్తు లేదు. బుధవారం మధ్యాహ్నం సెలవు పెట్టి, ఆయనను అడగకుండా విద్యాశాఖ ఆఫీసులో సంతకం పెట్టి వచ్చాను. ప్రమోషన్ లిస్టులో పైకి రావడానికి నాకు పట్టిన ఏళ్ళన్నీ ఒక గీతతో పోయాయి. పోతే పోయాయి అని పైకే అనుకున్నాను, ఆటోవాడు వెనక్కి తిరిగి చూశాడు. మ్యూచువల్ అక్కకు ఫోన్ చేసి చెప్తే, "సల్లగుండు చెల్లె" అని ఫోన్లోనే ఏడ్చేసింది.

ఆయనకు సాయంత్రం చెప్పాను. "నీ ఇష్టం, పెట్టినంక ఇగ ఏం అంట" అన్నాడు. గొంతులో కోపం లేదు, సంతోషమూ లేదు. పాపకు ఇవ్వమన్నాను. అది ఏదో బొమ్మ వేసుకుంటోందట, పిలిచినా రాలేదు. రెండోసారి పిలిస్తే వచ్చింది.

"బిడ్డా, నేను ఇంటికి వస్తున్న" అన్నాను.

"సరే మమ్మీ. ఎన్ని రోజులుంటవ్?"

"పోనే పోను. ఇగ అక్కడనే ఉంట. నీతోనే."

వెనకాల మా అత్తగారు అన్నానికి పిలుస్తున్నారు.

"అంటే సండే దాకనా?" అంది పాప.