కొంగు కింద కెమెరా

కల్వకుర్తి బస్సులో నా పక్క సీట్లో కూర్చున్నామె పేరు అడగనే లేదు. అడవి మంటల్లో కాలిపోయిన గూడేన్ని ఫోటోలు తీసి వస్తున్నాను. కెమెరాలో వాటిని చూసుకుంటుంటే ఆమె కూడా ఒంగి చూసింది. బూడిదలో నిలబడ్డ ఒకతని ఫోటో రాగానే గట్టిగా నా చెయ్యి పట్టుకుంది.

“అక్కా, మా తమ్ముడు. కనుబొమలు కాలినయ్ చూడు. మంట ఆర్పనీకి పోయిండు. గని అడవికి అగ్గి అంటువెట్టినోని కోసం ఎతుకుతున్నరు. గీ ఫోటో చూస్తే వీడే అంటరు. జర తీసెయ్యక్కా.”

అన్నిట్లోకీ బాగా వచ్చిన ఫోటో అది. నేను తటపటాయిస్తుండగానే చెక్‌పోస్టు దగ్గర బస్సు ఆగింది. ఫారెస్టు గార్డు ఎక్కాడు.

“గూడెంల ఫోటోలు తీసినామె ఎవలు?”

పక్కనామె నా చేతిలోని కెమెరాను ఒళ్ళోకి లాక్కుని కొంగు కప్పింది. పాలు తాగే బిడ్డను జోకొట్టినట్టు మెల్లగా తట్టసాగింది. గార్డు అందరి సంచీలూ వెతుకుతూ నాదీ వెతికాడు. బట్టలు, నీళ్ళ సీసా తప్ప ఏమీ దొరకలేదు. ఆమె ఒడి మీద చూపు పడగానే సిగ్గుపడి మొహం తిప్పుకుని దిగిపోయాడు.

బస్సు కదిలాక కెమెరా నా చేతికిచ్చింది. ఆమె ఒంటివేడికి అది వెచ్చగా ఉంది. ఆమె చూస్తుండగానే ఆ ఫోటో తీసేశాను.

“మల్ల రాదు గదా?”

“రాదు” అన్నాను.

తీసేసినవాటిని తిరిగి రప్పించవచ్చని నాకు తెలుసు. ఇంటికి రాగానే కెమెరాలోని కార్డు తీసి, నీళ్ళు కాగుతున్న కట్టెల పొయ్యిలో వేశాను. నేను తీసిన గూడెం మొత్తం అందులోనే ఉంది.