ఇట్టూప్ కొట్టిన చావుగంట

మా కల్లంపారలో తెల్లవారుజామున చర్చి గంట మోగిందంటే పూజకు టైమైందని అర్థం. దారిలో ఏనుగు లేదని కూడా అర్థం. గంట కొట్టే ఇట్టూప్ చేట్టన్, అంటే ఇట్టూప్ అన్న, ఆ కొండదారినే ఒంటరిగా పైకి నడవాలి. ఆయన ప్రాణాలతో గంట దాకా చేరాడంటే మిగతావాళ్లం బయల్దేరవచ్చు. ఇంత సిగ్గుమాలిన ఏర్పాటు ఇంకే ఊళ్లోనైనా ఉందో లేదో నాకు తెలీదు. మేం మాత్రం పందొమ్మిదేళ్లు హాయిగా దాన్ని నమ్ముకున్నాం.

ఇట్టూప్ మా కప్యార్. గంట కొట్టడం, దీపాలు వెలిగించడం, పూజ జరిపే అచ్చన్‌కు చేతికింద ఉండటం ఆయన పని. మూడేళ్లప్పుడు తండ్రి భుజాలమీద కూర్చుని ఈ కొండెక్కాడు. నాలుగో తరగతితో చదువు ఆపి ఏలకుల తోటలో కూలికి పోయాడు. తండ్రి పోయాక గంట తాడు ఆయన చేతికొచ్చింది. ఎడమకాలు కాస్త ఈడుస్తాడు. మాట తక్కువ.

క్రిస్మస్‌కు ముందు ఇరవై ఐదు రోజులు మాకు ఉపవాసం. మాంసం, చేప, గుడ్డు ముట్టుకోం. మిగతా ఏడాదంతా ఆదివారం తప్ప దుప్పటి వదలని నాలాంటివాళ్లు కూడా ఆ రోజుల్లో చీకటితోనే లేచి పూజకు పోతారు. మా ఇంటికీ ఇట్టూప్ ఇంటికీ మధ్య కాఫీ మొక్కల కంచె ఒక్కటే అడ్డం. రోజూ ఆయన గడప దిగుతూ పైకి చూసి దేవుడితో అనే మాట నాకు వినబడేది.

"కర్తావా, నీ ఇష్టమే జరగనీ. కానీ కాస్త చూసుకో."

ఆ మాటకు వాళ్లావిడ కుంజేలి "ఆమెన్" అనేది. తర్వాత గంట మోగేదాకా ఆ ఇంట్లో చెంబు చప్పుడు కూడా ఉండేది కాదు.

ఆ ఏడు నవంబరులో ఒంటికొమ్ము ఏనుగు ఒక కూలీని చంపింది. పాపం, డబ్బా వాయించి దాన్ని తరమబోయాడు. చప్పుడు చేసినవాడి మీదికే వస్తుందది. అయినా ఇట్టూప్ మానలేదు. టీ కొట్టు దగ్గర నేనే ఆటపట్టించాను.

"చేట్టా, అది ఎదురొస్తే ఏం చేస్తావు?"

"దానికీ పూజ టైం చెప్తా."

అందరం నవ్వాం. కప్యార్‌కు భయమన్నదే లేదని తీర్మానించేశాం.

డిసెంబరు పద్నాలుగున మొదటి గంట విని నేనూ బయల్దేరాను. మంచు కాస్త పలచబడుతోంది. సగం దారిలో ఉండగా చావుగంట మొదలైంది. ఒక దెబ్బ, పెద్ద ఎడం, మళ్లీ ఒక దెబ్బ. చావుగంట వింటే మా ఊళ్లో ఎక్కడివాళ్లక్కడ మోకరించి, అది ఆగేదాకా పరలోక జపం చెప్పాలి. పెద్దవాళ్లు పెట్టిన కట్టు, ఎవరూ తప్పరు. నేనూ రాళ్లమీదే మోకరించాను.

పైన జరిగింది ఆయన తర్వాత చెప్పాడు. మొదటి గంట కొట్టి తాడు వదిలేసరికి ఒంటికొమ్ముది ఏలకుల తోటలోంచి వచ్చి చర్చి కిందున్న మలుపులో నిలబడింది. ఊరంతా అప్పటికే దారిలో ఉంది. అరిస్తే కింది దాకా వినబడదు. గంట గబగబా కొడితే ఏం ముంచుకొచ్చిందోనని జనం పరుగున పైకే వస్తారు. వాళ్లను ఆపగలిగేది చావుగంట ఒక్కటే. కొడితే ఏనుగు తన మీదికి వస్తుందని ఆయనకు తెలుసు. అయినా కొట్టాడు. దెబ్బ దెబ్బకూ అది చెవులు విదిలిస్తోంది.

అందరూ ఆగారు, ఒక్క కుంజేలి తప్ప. అచ్చన్ కూడా ఇంకా దారిలోనే ఉన్నాడు, పైన ఉన్నది తన మొగుడొక్కడే. మరి ఆ చావు ఎవరిది?

కట్టుకున్న ముండు పంచె ఎగ్గట్టుకుని ఆమె నన్ను దాటి పరుగెత్తింది. తలెత్తి చూస్తే ఆమె ముందు మలుపులో మంచులోంచి ఏనుగు వీపు కనబడింది. "చేచ్చీ, ఆగు!" అనాలి. నోరు తెరిచాను. చప్పుడు చేస్తే అది నా మీదికి వస్తుందని గుర్తొచ్చింది. కళ్లు మూసుకుని "పరలోకమందున్న మా తండ్రీ" అన్నాను, అదీ లోలోపలే.

పైనుంచి ఇట్టూప్ కూడా ఆమెను చూశాడు. ఏనుగు అప్పుడే ఆమె వైపు తిరుగుతోంది. ఆయన చావుగంట ఆపి, క్రిస్మస్ రాత్రి తప్ప ఎన్నడూ కొట్టనట్టు, ఒళ్లంతా తాడుకు వేలాడి గణగణా మోగించాడు. పండగ ఇంకా పదకొండు రోజులుంది. జనం మోకాళ్లమీదే వెర్రిచూపులు చూశారు. ఏనుగు ఘీంకరించి ఆమెను వదిలి గంట వైపు ఎక్కింది.

మా గంటకు గోడల్లేవు, నాలుగు రాతి స్తంభాలంతే. ఏనుగు ఊపిరి ఆయన ముఖానికి తగిలిందట. తొండం ఆయన భుజం మీది తువ్వాలును లాగి పారేసింది. స్తంభాన్ని ఒక్కసారి నెడితే పెంకులు రాలాయి. ఆయన కొడుతూనే ఉన్నాడు. ఎందుకో అది అవతలి వాలుగా అడవిలోకి దిగిపోయింది. దేవుడి కృప అన్నాడు అచ్చన్. నేనూ కాదనను.

మేం చేరేసరికి కుంజేలి ఆయన వేళ్లను తాడు మీంచి ఒక్కొక్కటిగా విడదీస్తోంది. అరచేతులు ఒరుసుకుపోయి ఎర్రగా ఉన్నాయి.

"చావుగంట వింటే ఆగాలని తెలీదటే నీకు?" అన్నాడాయన.

"నోర్ముయ్ మనిషీ. పైన నువ్వొక్కడివే ఉంటే ఎలా ఆగను?" అని ఆమె ఆయన గుండెల మీద గుద్ది, అక్కడే కూలబడి ఏడ్చింది. ఆ ఇద్దరి ముఖాలూ చూడలేక నేను తలదించుకున్నాను.

 మర్నాడు ఇంకా చీకటి ఉండగానే టార్చి పట్టుకుని వాళ్ల గుమ్మం ముందు నిలబడ్డాను. ఇట్టూప్ చేతులకు గుడ్డలు కట్టుకుని బయటికొచ్చాడు.

"ఏంట్రా, ఇంత పొద్దున్నే?"

"నీతో వస్తాను చేట్టా. నిన్న... చేచ్చి నన్ను దాటే పోయింది. నేను పిలవలేదు. భయమేసింది."

 ఆయన నా చేతిలోంచి టార్చి తీసుకున్నాడు.

"ఇప్పుడూ వేస్తోందా?"

"వేస్తోంది."

"నాకు పందొమ్మిదేళ్లుగా వేస్తోంది," అన్నాడు ఇట్టూప్. "పద, టైమైంది."